పొయ్యి మీద అద్దం

మా పెద్దవంగర మండలమైంది 2016లో. వరంగల్ జిల్లా పోయి మహబూబాబాద్ జిల్లా అయిందీ అప్పుడే. ఇదంతా రికార్డుల్లో ఉంటది. ఏ ఇంట్ల కట్టెల పొయ్యి ఎప్పుడు ఆరిపోయిందో మాత్రం ఏ రికార్డులోనూ దొరకదు. ఊరి చరిత్ర రాయమంటే నేను అక్కడ్నుంచే మొదలుపెడతా.

కట్టెల పొయ్యి ఊరికే మండదు. పొద్దున్నే బూడిదెత్తాలి, పెండా ఎర్రమట్టీ కలిపి అలకాలి, ముగ్గెయ్యాలి. వండేముందే గిన్నె అడుగుకు తడిమట్టి పూస్తే మసి సులువుగా వదులుతుంది. మా నాయినమ్మకు ఇవన్నీ తెలుసు. ఆ పొగ ఆమె కళ్లనూ ఊపిరినీ ఏం చేసిందో కూడా ఆమెకే తెలుసు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. బండ నింపించుకునే డబ్బులు మాత్రం ఎవరివి వాళ్లవే. అందుకే చాలా ఇళ్లల్లో చాయ గ్యాస్ మీద, అన్నం కట్టెల మీద. కొత్త పొయ్యి వచ్చినంత మాత్రాన పాతది వెంటనే పోదు.

ఇప్పుడు ఇండక్షన్ పొయ్యి. దాని మీది నల్లటి అద్దం మామూలు గాజు కాదు. 1953లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ ఒక గాజు పలకను 600 డిగ్రీల దగ్గర వేడిచేద్దామనుకుంటే, కొలిమి అదుపు తప్పి 900 దాకా పోయింది. పలక కరగలేదు, తెల్లబడింది. పట్టకారులోంచి జారి కింద పడినా పగల్లేదు. గాజు లోపల సన్నటి స్ఫటికాలు ఏర్పడి సిరామిక్‌గా మారిందన్నమాట. ఆ దారిలో వచ్చిన పొయ్యి పలకలు వేడికి దాదాపు వ్యాకోచించవు. అందుకే ఒక్కసారిగా వేడెక్కినా, చల్లబడినా చిట్లవు.

అట్లని వాటికి సేవ తప్పదు. బరువైన గిన్నె అంచు తగిలితే పగులుతాయి. అడుగున ఇసుక రేణువుతో గిన్నెను జరిపితే గీత పడుతుంది. స్టీల్ పీచు, బూడిద పనికిరావు. చల్లారాక తడిబట్టతో తుడవాలి. ఒక్క బెల్లం పాకం మాత్రం చల్లారనివ్వొద్దు. గట్టిపడుతూ అద్దం పైపొరను లాగేస్తుంది. స్విచ్ ఆపి, చెయ్యి కాలకుండా, వేడిమీదే గీకెయ్యాలి.

ఇంకో సంగతి: అయస్కాంతం అంటుకోని గిన్నె ఈ పొయ్యి మీద వేడెక్కదు. మట్టి కుండ, ఇత్తడి సర్వ, సిల్వర్ గంజు అన్నీ ఒక్కసారే అటకెక్కుతాయి. ఏ పండితుడూ రాసిపెట్టని ఒక వంట జ్ఞానం వాటితోపాటే అటకెక్కుతుంది.

నేను కట్టెల పొయ్యిని తలుచుకుని బాధపడను. ఆ పొగ పీల్చింది నేను కాదు కాబట్టి బాధపడే హక్కూ నాకు లేదు. కానీ మట్టితో అలికినా, బట్టతో తుడిచినా, ఆ పని ఎవరు చేశారన్నది కూడా చరిత్రే. మా ఇంట్ల అప్పుడు నాయినమ్మ అలికింది, ఇప్పుడు అమ్మ తుడుస్తోంది.