నిండు నెలల రక్తపోటు, కాలినొప్పి: వైద్యచరిత్రలో రెండు దారులు

నిండు నెలల్లో కాళ్లు, ముఖం వాచి, తలనొప్పి ముదిరి, చివరికి మూర్ఛలు వచ్చే ఎక్లాంప్సియా అనే వ్యాధిని ఐరోపా వైద్యులు చిరకాలం మూర్ఛరోగంలో ఒక రకంగానే భావించారు. 1843లో లండన్ గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ ఇటువంటి స్త్రీల మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందని చూపాడు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి దండచేతికి గాలిపట్టీ చుట్టి పాదరసంతో రక్తపోటు కొలిచే సాధనాన్ని రూపొందించగా, మరుసటి ఏడే పారిస్‌లో వాకే, నోబెకూర్ ఈ రోగుల్లో ఆ పోటు పెరుగుతుందని గుర్తించారు.

కాలినొప్పి కథ ఇంతకంటే వింతైనది. కాన్పు తరువాత, అరుదుగా అంతకుముందే, ఒక కాలు తెల్లగా ఉబ్బి భరించరాని నొప్పి పెడితే, రొమ్ముకు చేరవలసిన పాలు కాలిలోకి దిగాయని 18వ శతాబ్దపు వైద్యులు పలువురు నమ్మారు. ఊహకు అందంగా ఉన్నా శరీర నిర్మాణానికి పొసగని ఈ వాదాన్ని 1784లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ వైట్ తోసిపుచ్చి, తప్పును శోషరస నాళాల మీదికి నెట్టాడు, అదీ సరికాదు. 1823లో లండన్‌లో డేవిడ్ డేవిస్ శవపరీక్షల ఆధారంగా సిరల్లో రక్తం గడ్డకట్టడమే మూలమని నిరూపించాడు. గర్భధారణలో రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, ఎదిగిన గర్భసంచి కటిభాగపు సిరలను నొక్కడం, ముఖ్యంగా ఎడమవైపు, దీనికి కారణాలని తరువాతి పరిశోధన తేల్చింది.