పానా పట్టిన చేతుల చరిత్ర

మద్రాసు నుంచి కలకత్తా పోయే ట్రంకు రోడ్డు మీద నెల్లూరు ఒక మజిలీ. ఈ రోడ్డు గురించి రాసినవాళ్లు కంపెనీ దొరల గురించి రాశారు, పెన్నా మీద వంతెన గురించి రాశారు, బస్సులు నడిపిన ఆసాముల గురించీ అంతో ఇంతో రాశారు. పదిహేనేళ్లకే మూలపడాల్సిన బస్సులు, లారీలు, కార్లు నలభై ఏళ్లు ఎలా తిరిగాయో, ఎవరు తిప్పారో మాత్రం ఎక్కడా కనపడదు. కంపెనీ పుస్తకాల్లో అమ్మిన బండ్ల లెక్క ఉంటుంది. ఆర్టీవో ఆఫీసులో యజమాని పేరుంటుంది. బండి కింద పడుకొని బాగుచేసినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఆ లేని పేర్లలో చాలా భాగం మావి. ఏ ఊరి షెడ్ల వరస వెంట నడిచినా మస్తాన్, ఖాదర్‌బాషా, కరీముల్లా అనే బోర్డులే ఎక్కువగా కనిపిస్తాయి. దీన్ని చూసి కొందరు మెచ్చుకుంటారు, కొందరు ఎగతాళి చేస్తారు. ఇలా ఎందుకయిందని అడిగినవాళ్లు తక్కువ. ముస్లింలకు ఇనుము మీద పుట్టుకతో ప్రేమ ఉండదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

మోటారు రాకముందు మా వాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసుకోవాలంటే 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ముస్లిం రిజర్వేషన్ చట్టం తెరిచి చూడొచ్చు. బీసీ-ఈ జాబితాలో తురక కాశ అనే సమూహం ఉంది. వాళ్లకే అక్కడ ఇంకొన్ని పేర్లు రాసి ఉన్నాయి: కక్కుకొట్టే జింక సాయిబులు, రోళ్లకు కక్కుకొట్టేవారు. అరిగిపోయిన తిరగలికి, రోలుకు ఉలితో గంట్లు పెట్టి మళ్లీ పిండి ఆడేటట్టు చేసే పని వాళ్లది. బీసీ-బీలో ఉన్న దూదేకులవాళ్లు కొత్త దూదే కాకుండా, గట్టిపడిపోయిన పాత పరుపుల దూదిని కూడా ఏకి మళ్లీ పరుపు చేసేవాళ్లు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు, తాళం చెవులు చేసే సాయిబు, గొడుగు కుట్టే సాయిబు మనందరి వీధుల్లోకీ వచ్చినవాళ్లే. ఈ పనులన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇంకొకరింట్లో పాతబడిన వస్తువుకు మళ్లీ ప్రాణం పోయడమే బతుకుతెరువు. భూమి లేనివాడికి, ఊళ్లో వృత్తి హక్కుగా మేరలు కొలిపించుకునే కులంలో పుట్టనివాడికి మిగిలిన పని అది.

ఆ పనులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. పిండిమర వచ్చి తిరగలిని మూల పెట్టింది. స్టీలు గిన్నె వచ్చి కళాయిని మింగింది. జట్కా తోలే సాయిబుకు రిక్షా, బస్సు పోటీ అయ్యాయి. అదే కాలంలో మోటారు వచ్చింది. అది ఏ కులానికీ చెందని యంత్రం. ఇది మా తాతల వృత్తి, నువ్వు ముట్టుకోకూడదు అని చెప్పగలిగినవాళ్లు దాని దగ్గర ఇంకా లేరు. నూనె మసి పట్టిన పని గనక చదువుకున్న అగ్రకులాలవాళ్లు దాని జోలికి రాలేదు. ఆ ఖాళీలోకి మావాళ్లు పోయారు. వాళ్లతోపాటు కమ్మరి, కంసాలి, దళిత కులాల పిల్లలూ పోయారు. ఈ చరిత్ర మా ఒక్కరిదే అంటే అబద్ధమవుతుంది.

1953 అక్టోబరు దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసు ఇక్కడికి నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు. బండి కావాలన్నా, సామాను కావాలన్నా మౌంటు రోడ్డుకే పోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు బొగ్గు బస్సులు వచ్చాయి. టి.వి.యస్. వాళ్లు గ్యాస్ ప్లాంట్లు తయారుచేసి అమ్మారు. బస్సు వెనక ఇనప పీపాలో బొగ్గు నింపి, గాలి తక్కువగా ఆడనిచ్చి మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. తెల్లవారుజామునే లేచి ఫ్యాను తిప్పి నిప్పు రాజేయాల్సింది క్లీనరు. ఆ గ్యాసులో బలం తక్కువ. మెట్ట వస్తే జనం దిగి తొయ్యాలి. వడపోత సరిగ్గా లేకపోతే మసి లోపలికి పోయి సిలిండరును తినేసేది. పెట్రోలు కోసం చేసిన ఇంజనును బొగ్గుతో నడిపి, మళ్లీ పెట్రోలుకు మార్చి నిలబెట్టడం ఏ కాలేజీలో నేర్పారు? రోడ్డు మీదే నేర్చుకున్నారు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలేసిన ఫోర్డు, షెవర్లే, డాడ్జి లారీలు, జీపులు డిస్పోజల్స్ పేరుతో అమ్మకానికి వచ్చాయి. వాటికి చెక్క బాడీలు కట్టి సరుకు వేశారు. ఇంతలో 1953లో టారిఫ్ కమిషన్ చెప్పిన మీదట, ఇక్కడే తయారుచేసే ఏర్పాటు లేని విదేశీ కంపెనీలకు ప్రభుత్వం దారి మూసేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డు ఇక్కడి బిగింపు పని ఆపేసి వెళ్లిపోయాయి. వాళ్ల బండ్లు మాత్రం మన రోడ్ల మీద మిగిలిపోయాయి. కంపెనీ లేదు, సామాను రాదు, బండి ఆగకూడదు. మెకానిక్కు విలువ అక్కడి నుంచి పెరిగింది.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు లైసెన్సుల కాలం. 1954 నుంచి 1969 దాకా బెంజి కంపెనీతో కలిసి టాటావాళ్లు చేసిన లారీలు, ఎన్నూరు నుంచి వచ్చే లేలాండ్ కామెట్లు, ప్రీమియర్ వాళ్ల ఫార్గోలు, బెడ్‌ఫోర్డులు సరుకు మోశాయి. మనుషులకు అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు. కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా పరిస్థితి అదే. అందువల్ల పాత బండిని పారేయడమనే ఆలోచన ఎవరికీ రాలేదు. దేశం స్వావలంబన సాధించిందని ఢిల్లీలో ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ స్వావలంబనలో సగం రోడ్డు పక్క రేకుల షెడ్డులో జరిగిందని ఎవరూ చెప్పలేదు.

ఆ పని ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి. సిలిండరు అరిగితే బోరింగు చేయిస్తారు. అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు. మొదటిసారి ఇరవై థౌ, తర్వాత నలభై, ఆ తర్వాత అరవై పెంచి ఆ మేరకు లావు పిస్టన్లు వేస్తారు. ఇక కోయడానికి లోహం మిగలకపోతే స్లీవు దిగ్గొట్టి మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. క్రాంకు అరిగితే గ్రైండింగు చేయించి మందం బేరింగులు వేస్తారు. దొరకని బుష్షును గన్‌మెటల్‌తో లేతు మీద తిప్పుతారు. గాస్కెట్ కాగితాన్ని ఇంజను అంచుమీద పరిచి చిన్న సుత్తితో కొడుతూ కత్తిరిస్తారు. విరిగిన కమాను కట్టకు ఇంకో బండి కట్టను కాల్చి వంచి వేస్తారు. పెట్రోలు ధర పెరిగాక అంబాసిడరులోంచి పెట్రోలింజను దించి మాటడోరు డీజిలింజను ఎక్కించారు. దానికి మౌంటింగులు మార్చాలి, గేరుబాక్సు కలపాలి, బరువుకు తగ్గట్టు ముందు స్ప్రింగులు చూసుకోవాలి. ఇదంతా డ్రాయింగు లేకుండా కంటి కొలతతో, చేతి అంచనాతో చేశారు.

నెల్లూరు తీరంలో ఇంకో శత్రువు ఉప్పు. ఇసకపల్లి ఉప్పు, కోట, చిల్లకూరు వైపు సిలికా ఇసుక, మైపాడు చేపలు, ముత్తుకూరు వైపు గుంటల్లో పెరిగే రొయ్యలు, అన్నీ లారీలోనే పోవాలి. మంచు కరిగి కారే ఉప్పునీళ్లు ఛాసీని తింటాయి. సముద్రపు గాలి తలుపు అడుగులను తింటుంది. ఇంజనుకు అరవై ఏళ్ల ఆయుష్షు ఇవ్వొచ్చు గాని ఛాసీ కుళ్లితే బండి పోయినట్టే. అందుకే వాడేసిన ఇంజనాయిలును కింద పూయడం, తుప్పు పట్టినంత మేర కోసి కొత్త రేకు అతకడం, ఛాసీ పగుళ్లకు ప్లేటు వేసి రివిట్లు కొట్టడం ఇక్కడివాళ్లకు నిత్యవిద్య అయింది. మరీ లాభం లేని బండిని విప్పి, పనికొచ్చే ప్రతి ముక్కా ఇంకో బండికి వేస్తారు. మద్రాసు పుదుపేట, బెజవాడ ఆటోనగర్ ఇలా విప్పిన ముక్కల మీదే పెరిగాయి.

ఈ విద్య ఉస్తాదు నుంచి షాగిర్దుకు వచ్చింది. దీన్ని గొప్పగా చెప్పుకోవడం మామూలు. నేను ఇంకో వైపు కూడా చెప్పదలిచాను. షాగిర్దు అంటే ఎవరు? ఎనిమిదేళ్లకో పదేళ్లకో బడి మానిన పిల్లవాడు. మొదటి ఏడాది టీ తేవడం, పానాలు తుడవడం. రెండో ఏడాది టైర్లు విప్పడం. తప్పు చేస్తే పానాతోనే దెబ్బ. పండక్కి బట్టలు, వారానికి చిల్లర, అంతే జీతం. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది, మోటారు వర్క్‌షాపులను కూడా ప్రమాదకరమైన పనుల జాబితాలోకి చేర్చారు. అయినా ఏ షెడ్డులోనైనా ఛోటూ అని పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతూనే వచ్చారు. బ్రేకు లైనింగులు ఊదినప్పుడు ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చింది వాళ్లే. బ్యాటరీల సీసం ముట్టుకున్నదీ వాళ్లే. ఆ బట్టలు కిరోసినులో నానబెట్టి ఉతికిన అమ్మలు, బేరం లేని రోజుల్లో ఇంటిని కుట్టుమిషనుతో ఈడ్చిన అక్కలు ఈ లెక్కలో అసలే లేరు. మన పేదరికాన్ని మనమే కళ అని పిలిచి ఊరుకుంటే పిల్లలకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ మాటనే అంకెల్లో చెప్పింది. ముస్లిం శ్రామికుల్లో సుమారు 61 శాతం సొంత పని మీద బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. మా వాళ్లు ఎక్కువగా ఉన్న పనుల్లో మోటారు రిపేరు ఒకటని కూడా రాసింది. సొంత పని అనే మాట వినడానికి బావుంటుంది. నెల జీతం, పీఎఫ్, పింఛను ఏదీ లేదని దాని అర్థం. ఉద్యోగాల్లోకి రానివ్వనివాళ్లు, అప్పివ్వని బ్యాంకులు, పది పాసైతేగాని చేర్చుకోని ఐటీఐలు అందరూ కలిసి చేసిన ఏర్పాటు అది.

ఆ ఏర్పాటునే తర్వాత ఒక తిట్టుగా మార్చారు. పంక్చరువాలా అనే మాట ఎన్నేళ్లుగా వింటున్నాం! 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిస్సార్ సభలో ప్రధానమంత్రి, వక్ఫు ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిలు పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. వక్ఫు ఆస్తులు దోచుకున్నవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. ఆ సంగతి మేమే ముందు చెబుతాం. కాని పంక్చరు వేయడం సిగ్గుపడాల్సిన పని ఎట్లా అయింది? పంక్చరు వేసేవాడు లేకపోతే ఈ దేశం రోడ్డు మీద ఎంత దూరం పోతుంది? మా బిడ్డలకు ఇంకో దారి లేకుండా చేసినవాళ్లు సిగ్గుపడాలి. పని చేసినవాళ్లు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇదే నెల్లూరు సీమలో హిందువులు బిడ్డలకు మస్తానయ్య, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి మతం అడగకుండా రొట్టెలు మార్చుకుంటారు. లారీ అద్దం మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ పక్కనే 786 రాయిస్తారు. బండి ఆగితే సాయిబును పిలవండి అంటారు. ఆ పిలుపులో నమ్మకం ఉంది. అదే నోటితో, గొడవలు వచ్చినప్పుడు మీ దేశం పొండి అంటారు. బర్మింగ్‌హామ్ ఇంజనుకు, డెట్రాయిట్ గేరుబాక్సుకు నెల్లూరు నీళ్లు తాగించి ఇక్కడి బండ్లుగా మార్చినవాణ్ని పరాయివాడనడం ఏం న్యాయం?

ఇప్పుడు కాలం ఇంకో మలుపు తిరిగింది. 2014 మేలో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ ఆగింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6. 2008లో మొదలైన కృష్ణపట్నం కొత్త రేవు దారిలో తిరిగే ట్రయిలర్లకు జబ్బు చేస్తే చెవి ఆనించి వింటే తెలియదు. స్కానరు పెట్టాలి. ఆ స్కానరూ దాని తాళమూ కంపెనీ చేతిలో ఉంటాయి. 2021 ఆగస్టులో కేంద్రం పాత బండ్లను తుక్కు చేసే విధానం ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన పెద్ద లారీ ఫిట్‌నెస్ రుసుమును 12,500 రూపాయలు చేశారు. పాత కారు మళ్లీ రిజిస్టరు చేయించాలంటే అప్పుడే 600 పోయి 5,000 అయింది.

పొగ విషమన్నది నిజం. ఆ పొగను అందరికంటే ఎక్కువ పీల్చింది మెకానిక్కులే. కాబట్టి పాత బండ్లన్నీ ఎప్పటికీ తిరగాలని మేము అడగడం లేదు. బాగా నిలబెట్టిన బండిని వయసు చూసి కాకుండా పొగ కొలిచి, బ్రేకు పరీక్షించి తేల్చమంటున్నాం. తుక్కు కేంద్రాలు పెట్టేటప్పుడు యాభై ఏళ్లుగా బండ్లు విప్పిన చేతులకు అందులో పని ఇమ్మంటున్నాం. బాగుచేసుకునే హక్కు గురించి 2022 జూలైలో కేంద్రం ఒక కమిటీ వేసింది. అందులో మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. ఆ హక్కు బండి కొన్నవాడి దగ్గరే ఆగిపోతే చాలదు. రోడ్డు పక్క షెడ్డుకు కూడా స్కానరు, సర్వీసు పుస్తకం తెలుగులో అందాలి. అనుభవం చూసి సర్టిఫికెట్ ఇచ్చే పథకాలు కాగితం మీద ఉన్నాయి. అవి పదో తరగతి దాటని ఉస్తాదు గడప దాకా రావాలి.

మా బిడ్డలు మెకానిక్కులే కావాలని లేదు. డాక్టర్లు కావాలి, కలెక్టర్లు కావాలి, ఇంజన్లు గీసే ఇంజనీర్లూ కావాలి. అది వాళ్లు ఎంచుకునే వీలుండాలి. కాని ఈ తీరం మీద ఎనభై ఏళ్లు చక్రం ఆగకుండా చూసిన మనుషుల చరిత్రను మేము రాసుకోకపోతే, అది తుప్పు కంటే తొందరగా పోతుంది. బతికున్న ముసలి ఉస్తాదులను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాల్సిన పని ఇప్పుడు చదువుకున్న మా తరానిది.