పాలకూర కూడా బీటే: గడ్డను చూసి ఆకును మరిచిన కథ

బీట్‌రూట్ పీకినాక ఆకు ఏం చేస్తున్నాం? గడ్డలు కోసి గంపకెత్తుతాం, ఆకు గెనిమ మీద పడేస్తాం, లేదంటే గొర్రెలకు వేస్తాం. "బీట్‌రూట్ ఆకు మనుషులు తింటారా" అని నవ్వేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉండారు. అదే ఇండ్లల్లో వారానికి రెండుసార్లు పాలకూర పప్పు ఉడుకుతుంది. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఒకటే మాట. ఆ పాలకూర కూడా బీటే.

ఇది ఎగతాళి మాట కాదు. శాస్త్రం ప్రకారం బీట్‌రూట్ పేరు బీటా వల్గారిస్. మనం మళ్లలో చల్లుకునే పాలకూర కూడా అదే జాతిలో ఆకు కోసం పెరిగిన రకం. ఇంగ్లీషు వాళ్లు స్పినాచ్ అనేది వేరే చెట్టు, అది పర్షియా వైపు నుంచి వచ్చింది. ఉత్తరాదిలో దాన్ని విలాయతి పాలక్ అంటారు. మనమేమో రెండింటినీ కలిపి స్పినాచ్ అనేస్తాం.

ఈ సంగతి కొత్తదేం కాదు. విలియం రాక్స్‌బర్గ్ అని కంపెనీ కాలంలో ఒక దొర, చెట్ల పండితుడు. మన సామర్లకోటలో తోట పెట్టి, 1793లో కలకత్తా తోటకు పోయినాడు. ఆయన చనిపోయినాక 1832లో అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లో ఈ పాలకూరకు బీటా బెంగాలెన్సిస్ అని పేరుంది.

నమ్మకం లేకుంటే విత్తనాలు పక్కపక్కన పెట్టి చూడండి. బీట్‌రూట్ విత్తనం, పాలకూర విత్తనం రెండూ ఒకే మాదిరి గరుకుగా, గతుకులు గతుకులుగా ఉంటాయి. అది ఒక గింజ కాదు, రెండు మూడు గింజలు అతుక్కున్న ఉండ. అందుకే ఒకటి నాటితే రెండు మూడు మొలకలొస్తాయి.

అసలు ఈ చెట్టు చరిత్రలో ముందు వచ్చింది ఆకు. దీని అడవి రకం మధ్యధరా సముద్రం ఒడ్డున, యూరప్ తీరాల్లో ఉప్పుగాలికి ఇప్పటికీ పెరుగుతాంది. పాతకాలం గ్రీకులు, రోమన్లు దాన్ని ఎక్కువగా ఆకుకూరగానే పెంచినారు. అప్పట్లో వేరు సన్నగా ఉండేది, మందుకు వాడేవాళ్లు. ఇప్పుడు మనం చూసే ఎర్రటి లావు గడ్డ యూరప్‌లో బాగా వాడుకలోకి వచ్చింది నాలుగైదు వందల ఏళ్ల కిందటే.

ఆ తర్వాత చక్కెర కథ మొదలైంది. 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే ఆయన బీట్ వేరులో చెరకులో ఉండే చక్కెరే ఉందని కనిపెట్టినాడు. ఆయన శిష్యుడు అషార్డ్ 1801లో సైలీసియాలో దాంతో ఫ్యాక్టరీ పెట్టినాడు. మన దగ్గర అది మన్రో దొర కాలం. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి ఇచ్చేస్తే, 1807 దాకా ఆయనే ఇక్కడ కలెక్టరు. ఈడ మన్రో పొలాలు కొలిపిస్తాంటే, ఆడ బీట్ గడ్డ నుంచి చక్కెర తీస్తాండారు.

1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకు యూరప్‌లోకి రాకుండా కట్టడి చేసినాడు. సముద్రం దాటి వచ్చే చెరకు చక్కెర కరువైంది. 1811లో 32 వేల హెక్టార్లలో, అంటే దాదాపు 79 వేల ఎకరాల్లో బీట్ వేయాలని హుకుం ఇచ్చినాడు. అది తెల్ల గడ్డ రకం, మన ఎర్రది కాదు. ఇప్పటికీ ప్రపంచంలో చక్కెర ఇంచుమించు ఐదో వంతు దాన్నుంచే వస్తుంది. డబ్బంతా భూమి లోపల ఉందని తేలినాక ఆకు పశువుల పాలైంది.

మన దేశంలో ఎర్ర గడ్డ 'ఇంగ్లీషు కూరగాయ'గా పేరు పడింది. మనం ఎక్కువగా వేసే డెట్రాయిట్ డార్క్ రెడ్ కూడా 1892లో అమెరికాలో వచ్చిన రకమే. రూట్ అంటే వేరు. పేరులోనే వేరు ఉంది కాబట్టి దీని ఆకు మన లెక్కలోకి రాలేదు. పాలకూరకు పేరులోనే కూర ఉంది, కాబట్టి తిన్నాం. నష్టం మనకే. ఇనుము, సున్నం, విటమిన్ ఏ గడ్డలో కంటే ఆకులోనే ఎక్కువ.

ఇక వంట సంగతి. మొలకలు గుంపుగా వస్తాయి కాబట్టి మూడు నాలుగు వారాలకు ఎట్లాగూ పలచన చేయాల. పీకిన లేత మొక్కలను వేరుతో సహా కడిగి కందిబ్యాళ్లలో వేసి, పచ్చిమిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ పెట్టి ఉడికించి పప్పుగుత్తితో ఎనపండి. సంగటిలోకి పాలకూర పప్పుకు ఏం తీసిపోదు. చింతపండు పులుపు వల్ల ఎరుపు కూడా బాగా నిలుస్తుంది. ఆ ఎరుపు ఎర్ర తోటకూరలో, బచ్చలి పండులో, నాగజెముడు పండులో ఉండే రంగు జాతిదే.

గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడు పీకితే ఇంకా రుచి. తొక్క తీయకుండా, కాడ అంగుళం వదిలి ఉడకబెట్టండి, రంగు నీళ్లలోకి ఎక్కువ దిగదు. ఉడికినాక తొక్క చేత్తోనే ఊడొస్తుంది. కాడలు, ఆకు సన్నగా తరిగి ఎర్రగడ్డతో వేయించి, చివర్లో వేయించిన చెనిగ్గింజల పొడి చల్లితే జొన్నరొట్టెలోకి మంచి కూర. ముదురు ఆకైతే కాడ ముందు వేయాల, ఆకు తర్వాత.

ఒక జాగ్రత్త. పాలకూర మాదిరే దీంట్లోనూ ఆక్జలిక్ ఆమ్లం ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగే తినాల. మిగతావాళ్లు కూడా ఉడికించి ఆ నీళ్లు వంచేస్తే కొంత తగ్గుతుంది. పురుగుమందు కొట్టిన మడిలో ఆకైతే డబ్బా మీద రాసిన గడువు దాటందే కోయొద్దు.

సముద్రం ఒడ్డు బిడ్డ కాబట్టి కొంచెం ఉప్పు నీళ్లకు ఇది మిగతా కూరగాయల కంటే బాగా ఓర్చుకుంటుంది. మొలక దశలో మాత్రం ఓర్చుకోదు, అప్పుడు మంచి నీళ్లు కావాల. మన సీమలో ఉప్పు బోర్లున్నవాళ్లు చలికాలంలో రెండు సాళ్లు వేసి చూడొచ్చు.

ఈసారి ఆకు గెనిమ మీద వేసే ముందు ఒక కట్ట ఇంటికి తీసుకపోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని పుల్లగూర చేస్తారో, పప్పు చేస్తారో కింద రాయండి, అందరం నేర్చుకుంటాం.