మంజీర ఆయకట్టులో నీరు, చెరకు, కరెంటు: ప్రభుత్వ నిర్వహణపై ఒక పరిశీలన

నిజామాబాద్ నీటి చరిత్ర నీటిపారుదల శాఖ రికార్డుల్లో ఒక తీరుగా, విద్యుత్ శాఖ లెక్కల్లో మరో తీరుగా, పరిశ్రమల శాఖ ఫైళ్లలో ఇంకో తీరుగా కనిపిస్తుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప బోధన్ చెరకు ప్రాంతానికి ఏం జరిగిందో అర్థం కాదు. మంజీర నీటిని పోగొట్టుకున్న ప్రతిసారీ ప్రభుత్వం ఆ లోటును కరెంటుతో పూడ్చింది. ఆ ఖర్చు మాత్రం ఏ ప్రాజెక్టు పద్దులోనూ నీటి నష్టంగా నమోదు కాలేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్ నేతృత్వంలో అచ్చంపేట దగ్గర మంజీరకు కట్టిన ఈ ఆనకట్ట మొదటి నిల్వ సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. ఉద్దేశించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. బాన్సువాడ, వర్ని, బోధన్, నిజామాబాద్ మీదుగా ఆర్మూర్ వైపు సాగే ప్రధాన కాలువ పూర్తిగా నేల వాలు మీద ఆధారపడింది. తూము ఎత్తితే నీళ్లు వాటంతట అవే పారేవి, మోటారు అవసరం లేదు. పైగా 1950లలో ఆనకట్ట దిగువన జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. ఇప్పుడు దాని సామర్థ్యం 10 మెగావాట్లు. అంటే పొలానికి వెళ్లే నీరు దారిలో కరెంటును కూడా ఇచ్చి వెళ్లేది.

ఈ నీటిని చూసుకునే 1937లో హైదరాబాద్ ప్రభుత్వం బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని స్థాపించింది. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. సంస్థకు వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలుండేవి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువ వెంట వేసుకున్న క్యాంపులు ఇవాళ ఊళ్లయ్యాయి. ఇంధనం సంగతి ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. టన్ను చెరకు గానుగ ఆడితే రమారమి 300 కిలోల పిప్పి మిగులుతుంది. సగం తడే అయినా అది బాయిలర్‌లో మండుతుంది. ఆ ఆవిరితోనే రోలర్లు తిరుగుతాయి, రసం మరుగుతుంది. మిగిలిన మొలాసిస్ డిస్టిలరీకి పోతుంది. ఇంధనానికి చక్కెర మిల్లు బయటి బొగ్గు మీద పెద్దగా ఆధారపడదు, చేనే దాని ఇంధనపు గని. వాలు మీద పారిన నీరు, ఆ నీటితో పండిన ఇంధనం, ఆ ఇంధనంతో నడిచిన పరిశ్రమ ఒకే గొలుసుగా ఉండేవి. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు తెలుగు నేల మీద ప్రభుత్వం వేసిన అత్యంత పొందికైన సహజ వనరుల ప్రణాళిక ఇదే.

ఆ గొలుసు మొదట తెగింది నీటి దగ్గర. ఒండ్రు చేరి నిజాంసాగర్ నిల్వ 11.8 టీఎంసీలకు పడిపోయింది. ఆ తర్వాత మట్టం పెంచితే 17.8 టీఎంసీలకు చేరింది. పూడిక తీయడం, ఎగువ పరీవాహకంలో మట్టిని నిలపడం అనే పనులకు ప్రాజెక్టు నిర్వహణలో తగిన చోటు దక్కలేదు. ఇంతలో ఎగువన దాదాపు 30 టీఎంసీల సింగూరు కట్టారు. దాని మొదటి బాధ్యత హైదరాబాద్ తాగునీరు. నగరానికి నీళ్లివ్వడాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ నిర్ణయంతో దిగువ ఆయకట్టు కోల్పోయిందేమిటో లెక్కగట్టకపోవడం తప్పే. తొలి దెబ్బ చివరి భూముల మీద పడింది. పై తూముల దగ్గర వరి నాట్లు సాగుతుంటే, ఆర్మూర్ వైపు డిస్ట్రిబ్యూటరీల్లో గడ్డి మొలిచింది.

పరిష్కారంగా గోదావరి ఒడ్డున రెండు ఎత్తిపోతలు వచ్చాయి. నవీపేట మండలం కోస్లి దగ్గర మొదలయ్యే అలీసాగర్ పథకం దాదాపు 54 వేల ఎకరాలకు, నందిపేట మండలం ఉమ్మెడ దగ్గర మొదలయ్యే గుత్ప పథకం దాదాపు 39 వేల ఎకరాలకు నీరివ్వాలి. ఈ రెండూ ఎత్తేది శ్రీరాంసాగర్ వెనుక జలాలను. మంజీర గోదావరిలో కలిసేది కందకుర్తి దగ్గర, అదీ ఈ పంపుల కంటే ఎగువనే. కాబట్టి నిజాంసాగర్ పట్టలేక వదిలిన మంజీర వరదే చుట్టూ తిరిగి శ్రీరాంసాగర్ చేరుతుంది, అక్కడి నుంచి కరెంటు ఖర్చుతో మళ్లీ నిజాంసాగర్ ఆయకట్టుకే వస్తుంది. శ్రీరాంసాగర్‌దీ అదే రోగం. 112 టీఎంసీలకు రూపొందించిన జలాశయం ఇవాళ 80 టీఎంసీల దగ్గర నిలిచింది.

ఈ మార్పు ఖరీదు చిన్న లెక్కతో తేలుతుంది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని వంద మీటర్లు ఎత్తాలంటే సిద్ధాంతరీత్యానే 77 లక్షల యూనిట్లు కావాలి. పంపుల్లో, పైపుల్లో పోయే శక్తిని కలిపితే కోటికి దగ్గరవుతుంది. అదే టీఎంసీ 20 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ మీద పడితే 13 లక్షల యూనిట్ల దాకా మనకు ఇస్తుంది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి హల్దీ వాగు మీదుగా కాళేశ్వరం నీటిని మంజీరలోకి, నిజాంసాగర్‌కు వదిలారు. కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలయ్యే మేడిగడ్డ నుంచి కొండపోచమ్మ దాకా ఎత్తు తేడా 500 మీటర్ల పైమాటే. ఆ దారిన ఒక్క టీఎంసీ రావాలంటే సుమారు ఐదు కోట్ల యూనిట్లు కావాలి. ఈ లెక్క ముందుంచుకుని చూస్తే, పూడికతీత ఖరీదైన పని అనే పాత వాదన నిలవదు.

ఫ్యాక్టరీ కథ క్లుప్తంగా చెప్పవచ్చు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లాకౌట్ ప్రకటించారు. 2019లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో పునరుద్ధరణపై రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. కార్మికుల జీతాల వెతలు ఇప్పటికే చాలామంది రాశారు, రాయాల్సిందే. నేను చూపదలచింది పొలంలో జరిగిన మార్పు. నరికిన చెరకు ఒక్కరోజు ఎండలో ఉన్నా తూకం, తీపి రెండూ తగ్గుతాయి. అందుకే మిల్లు ఎంత దగ్గరుంటే పంట అంత గట్టిగా నిలుస్తుంది. మిల్లు పోయాక బోధన్ రైతు సహజంగానే వరికి మళ్లాడు. కాలువ అందనిచోట బోరు వేశాడు. 2004 నుంచి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ఆ బోరును నిలబెట్టాయి. రైతుకు అది ఊపిరి, దాన్ని తీసేయమనడం అన్యాయం. అయితే ఒకప్పుడు ఇంధనాన్ని పండించిన పొలమే ఇప్పుడు ఉత్తర డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) మీద అతిపెద్ద భారాల్లో ఒకటైంది.

కాబట్టి పునరుద్ధరణ చర్చ బ్యాంకు బకాయిలు, యంత్రాల వయసు దగ్గరే ఆగితే చాలదు. చెరకు ఏడాది పొడుగునా చేనులో ఉండే పంట, దానికి ఎండాకాలంలో కూడా తడి కావాలి. ఏ డిస్ట్రిబ్యూటరీ కింద ఎన్ని ఎకరాలకు వాలు నీరు ఖాయంగా ఇవ్వగలరో, ఎన్ని ఎకరాలు ఎత్తిపోతల మీదో బోరు మీదో ఆధారపడాలో నీటిపారుదల శాఖ ముందే రాసివ్వాలి. దాన్నిబట్టే మిల్లు సామర్థ్యం తేలుతుంది, పిప్పితో వచ్చే విద్యుత్తు, మొలాసిస్‌తో వచ్చే ఇథనాల్ ఎంతో తేలుతుంది. ఇథనాల్ ధర ఢిల్లీ చేతిలో ఉంది. చెరకు రసంతో ఇథనాల్ చేయడంపై 2023 డిసెంబర్‌లో కేంద్రం పెట్టిన ఆంక్షలు దాని మీదే ఆశ పెట్టుకోవద్దని చూపాయి. నీటి పంపిణీ మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలోనిదే. సింగూరు నుంచి నిజాంసాగర్‌కు ఏటా ఎన్ని టీఎంసీలు, ఏ నెలలో వదులుతారో చట్టబద్ధమైన ఉత్తర్వుగా ముందు రావాలి. ఆ ఉత్తర్వు లేకుండా తెరిచే మిల్లుకు మొదటి కరువు ఏడాదిలోనే చెరకు దొరకదు.