తుపాకీ గొట్టం నుంచి రోజ్‌మేరీ ఆకు దాకా



పండగకి చేసిన జంతికలు డబ్బా అడుగున మిగిలిపోతే కొన్నాళ్లకి పాత నూనె వాసన కొడతాయి. గాలిలోని ప్రాణవాయువు నూనెను పాడుచేయడమే అందుకు కారణం. ఆ పనిని ఆలస్యం చేసే గుణం కొన్ని ఆకుల్లో ఉంది. వాటిలో పేరుపడ్డది రోజ్‌మేరీ. మధ్యధరా తీరపు మొక్కే గాని, మన పొరుగున నీలగిరుల్లోనూ పండిస్తారు. అందులోని కార్నోసిక్ ఆమ్లం నూనెకు కాపలా కాస్తుంది. దాన్ని ఆకులోంచి శుభ్రంగా బయటికి తీయడమే కష్టం.

1822లో ఫ్రాన్సులో కాన్యార్ ద లా తూర్ అనే ఆయన దళసరి తుపాకీ గొట్టంలో కొంచెం ఆల్కహాలు పోసి, చెకుముకి రాతి గుండు ఒకటి వేసి, మూసి వేడిచేశాడు. గొట్టాన్ని కదిపినప్పుడల్లా గుండు ద్రవంలో పడే చప్పుడు వినబడేది. వేడి ఒక హద్దు దాటాక ఆ చప్పుడు మారిపోయింది. లోపల ద్రవమూ ఆవిరీ ఏకమైపోయాయి. చెవితో కనిపెట్టిన సంగతి గనుక రేడియో శ్రోతలకు ఇది నచ్చాలి!

1869లో బెల్‌ఫాస్టు ఆచార్యుడు థామస్ ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువుకి ఆ హద్దు సుమారు 31 డిగ్రీలని చెప్పాడు. మన వేసవి మధ్యాహ్నం కంటే తక్కువే. ఒత్తిడి మాత్రం మామూలు గాలికి 73 రెట్లు ఉండాలి. 1879లో హానే, హోగార్త్ అనే ఇద్దరు, ఈ స్థితిలో ఉన్న ఆవిరి ఘనపదార్థాలను కరిగించుకుంటుందనీ, ఒత్తిడి తగ్గించగానే అవి మంచుపొడిలా రాలతాయనీ చూపారు. ఆ తర్వాత చాలాకాలం ఈ సంగతి పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1960లలో జర్మనీలోని ఒక బొగ్గు పరిశోధన సంస్థలో కుర్ట్ జోసెల్ ఈ కిటుకుతోనే కాఫీ గింజల్లోని కెఫీన్ తీశాడు.

రోజ్‌మేరీకీ అదే దారి. ఎండిన ఆకు పొడిని ఉక్కు పాత్రలో నింపి, ఒత్తిడి మీద వాయువును పంపుతారు. రెండో పాత్రలో ఒత్తిడి తగ్గగానే వాయువు విడిపోయి, సారం అడుగున మిగులుతుంది. హెక్సేన్ వంటి ద్రావకాల శేషం ఉంటుందన్న భయం లేదు. 2010లో యూరపు ఈ సారాన్ని ఈ-392 అనే సంఖ్యతో ఆహారంలో అనుమతించింది.

నిజామాబాదు, ఈరోడు, సాంగ్లీ పసుపు రైతులు మాత్రం ఒక మాట గుర్తుంచుకోవాలి. పసుపు కొమ్ములోని సుగంధ తైలం ఈ వాయువుకు తేలిగ్గా లొంగుతుంది. రంగునిచ్చే కుర్కుమిన్ మొండిది. ఆల్కహాలు తోడైతేగాని సరిగా కదలదు. పైగా అంత ఒత్తిడి తట్టుకునే ఉక్కు పాత్రల ఖరీదు ఒక్క రైతు భరించగలిగేది కాదు.