తిరుమలకొండ తోటలు, త్రోవలు

మొన్న కార్తీకమాసమున మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఇంగ్లీషు పాఠమొకటి చెప్పుచుంటిని. అందు ఒక మంచుకొండ యూరి వర్ణనము గలదు. శీతకాలము వచ్చినతోడనే ఆ యూరివారు పారలు పుచ్చుకొని వాకిళ్ళలో పడిన మంచును ఎత్తి ప్రక్కకు పోయుదురనియు, ఊరిపెద్దలు యంత్రముల బండ్లతో బాటలను తెరపింతురనియు, మంచు కరగిన పిదప పచ్చికయు పూలమొక్కలును మరల నాటి యూరిని దిద్దుకొందురనియు అందు వ్రాసియున్నది. పాఠము ముగియకమున్నే వెనుకబల్లమీది పిల్లవాడొకడు లేచి, "మన కొండమీద మంచు పడదు గదా సార్, మరి మనోళ్ళు ఏం తీస్తారు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. కాని యిల్లు చేరిన తరువాత గూడ ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

తిరుపతివారమైన మనకు 'కొండ' యన్న తిరుమలయే. అది సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తున నున్న యూరు. అక్కడ మంచు పేరుకొనుట లేదు. పొగమంచు మాత్రము తెల్లవారుజామున కమ్ముకొని పొద్దెక్కిన తరువాత తనంతట తానే పోవును. కాని పై నుండి పడి త్రోవ మూయునవి మఱి కొన్ని గలవు. వానకాలమున రాళ్ళు, మన్ను; వేసవిని ఎండుగడ్డి, దానితోడి నిప్పు; ఏడాది పొడుగున ఎండుటాకులు, యాత్రికులు విడిచిన చెత్త. వీనిని ఎత్తువారును, మిగిలిన చోట పూలతోటలు పెంచువారును లేకున్నచో ఆ యూరు పదిదినములు నిలువదు. ఇట్టివారి చరిత్ర మన పుస్తకములలో ఎంతవఱకు గలదు?

ఆశ్చర్యమేమనగా, తిరుమలలో వైష్ణవ గురుపరంపర చెప్పుకొను మొదటి కథలలో నొకటి తోటపనివాని కథయే. రామానుజాచార్యులు శ్రీరంగమున శిష్యులకు పాఠము చెప్పుచుండగా వేంకటాద్రిమీద పుష్పకైంకర్యము చేయవలెనను ప్రస్తావము వచ్చినదట. అక్కడికి పోయి తోట వేసి నిలువగలవా రెవ్వరని ఆయన యడుగగా సభలో ఎవ్వరును మాటాడలేదు. ఆ కొండ చలిది, చుట్టును అడవి, మనుష్యసంచార మరుదు. వేదాంతము తెలిసిన పండితులనేకులు కూర్చున్న యా సభలో చలికి వెఱవక లేచినవాడు కన్నడదేశమువాడగు అనంతార్యు డొక్కడే. గురువు ఆయనను 'మగవాడవు నీవే' యని మెచ్చుకొనెనని ప్రతీతి. 'అనంతాళ్వా'రను పేరుతో ఆయనను నేటికిని కొండమీద స్మరించుచున్నారు. ఇది పదునొకండవ, పండ్రెండవ శతాబ్దుల నాటి మాట.

తోటకు నీరు కావలెను గదా. అనంతార్యుడు గడ్డపార పట్టి చెఱువు త్రవ్వసాగెను. నిండుగర్భిణియగు భార్య మన్ను గంపల కెత్తుకొని మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయము చేసెదనన్న, గురువు తనకు చెప్పిన పని యితరులకు ఇయ్యనని అనంతార్యుడు వారించెను. బాలుడు చాటున ఆమె గంప నందుకొనుచుండగా చూచి, కోపముతో గడ్డపార విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత గుడిలో స్వామి గడ్డమున నెత్తురు కానవచ్చినదనియు, నాటినుండియే అక్కడ పచ్చకర్పూరము పెట్టుచున్నారనియు కథ. ఆ గడ్డపార యని చెప్పబడునది మహాద్వారమునొద్ద గోడమీద వ్రేలాడుచున్నది. లోనికి పోవువారిలో తల యెత్తి చూచువారు కొందఱే.

చరిత్రకారుడు ఈ కథను శాసనముతో సమానముగా పరిగ్రహింపలేడు. నేనును అట్లు కోరను. నాకు తోచున దింకొకటి. దేవాలయద్వారమున ఖడ్గమునో ఛత్రమునో వ్రేలాడదీయు దేశములో మన పూర్వులు మన్ను త్రవ్వు పనిముట్టును వ్రేలాడదీసిరి. గంప మోసిన యిల్లాలి పేరు మాత్రము కథ చెప్పువారిలో పెక్కురకు తెలియదు. కథలోనే ఆమె శ్రమకు జాలిపడినవాడు దేవుడొక్కడు.

తోట నాటుట పుణ్యమని మన గ్రంథములు ఘోషించుచున్నవి. చెఱువును, వనమును సప్తసంతానములలో చేర్చినారు. నాటినవానికి సంతానఫలము దక్కును సరే, ప్రతిదినము నీరు పోసి కలుపు తీసినవాని కేమి దక్కునో ఆ గ్రంథములు అంత విపులముగా చెప్పవు. ఈ వెలితిని కొంత తీర్చునవి శాసనములు. దేవస్థానమువారు 1930వ దశకమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలగు పండితులచేత గుడిగోడలమీది శాసనములను చదివించి సంపుటములుగా అచ్చువేయించిరి. వానిని తిరుగవేసిన, రాజులు రాణులు సమర్పించిన కిరీటములతోపాటు నందనవనములమాట పలుమారు కానవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వఱకు ఏడు మారులు కొండకు వచ్చి యిచ్చిన నగలసంగతి మన పిల్లలందఱకు తెలియును. తోటల సంగతి తెలియదు. రాయలకు ముందే, సాళువ నరసింహుని కాలమున, కందాడై రామానుజయ్యంగారను నాతడు కొండమీదను క్రిందను రామానుజకూటములను అన్నసత్రములు నడపెను. వానిలోను తోటలలోను పనిచేయుటకు చాత్తాద శ్రీవైష్ణవులను నియమించి, వారికి ప్రసాదములో భాగ మేర్పఱచెను. చాత్తాదవారనగా జందెము లేని వైష్ణవులు. పూలు కోసి మాలలు కట్టువారికి ఇంత ప్రసాదమని రాతిమీద చెక్కించుట నేటి మాటలలో చెప్పవలెనన్న జీతపుపట్టీ వ్రాయించుటయే. కులభేదము లెంత కరడుగట్టిన కాలమో యెఱిగినవారికి ఆ పంక్తుల విలువ తెలియును.

కొండమీది పూలు స్వామికే గాని మనుష్యులు తలలో ముడువరాదను ఆచారము గూడ ఇట్టి తోటలనుండి వచ్చినదే. వాడిన పూలను పూర్వము గుడిలోని పూలబావిలో వేయుచుండిరి. 2021 సెప్టెంబరునుండి దేవస్థానపు ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నారు. ఇది నాకు నచ్చిన మార్పు. పూలు పెంచిన శ్రమ రెండవమారు అక్కఱకు వచ్చినది.

మన సీమలో కొండమీది తోటకు మఱియొక విధమైన దృష్టాంతము గూడ గలదు. మదనపల్లె దాపున ఏనుగు మల్లమ్మకొండ యనునది 4,000 అడుగులకు మించిన యెత్తు. కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్స్‌లీ దొర పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడ వేసవిబంగళా కట్టించుకొనగా కొండకు ఆయన పేరే నిలిచినది. ఆస్ట్రేలియానుండి తెచ్చిన యూకలిప్టసు చెట్లు అక్కడ ఆకాశమంటుచున్నవి. మల్లమ్మ యేనుగుల నడుమ పెరిగిన బాలికయనియు, రోగులకు మందులిచ్చెడిదనియు చెప్పుకొందురు. ఆమె పేరు పల్లెవారి నోటను, దొరపేరు పటములోను మిగిలినవి.

ఇక త్రోవలమాట. అలిపిరినుండి పోవు దారిని సుమారు 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురమువైపు శ్రీవారి మెట్టున సుమారు 2,400. నూఱేండ్లక్రిందట కాలినడకను పోలేనివారు డోలీ యెక్కవలసినదే. డోలీ మోయువారి భుజములే ఆనాటి బస్సు. 1843 మొదలు హాథీరాంజీ మఠపు మహంతులు, 1933 నుండి దేవస్థానపు సంఘము కొండపాలనమును చూచిరి. 1944 ఏప్రిల్ 10వ తేదిని మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాటురోడ్డును తెరచెను. 1974లో రెండవది వచ్చినది. డోలీలు పోయినవి, బండ్లు వచ్చినవి. దానితోపాటు రాళ్ళ భయము రోడ్డుమీదికి వచ్చినది.

ఆ రాళ్ళు ఏల పడును? తిరుమలకొండలు కడప రాతిపొరలకు చెందిన క్వార్ట్‌జైటు బండలు. వాని క్రింద అంతకంటె పురాతనమైన నల్లరాతినేల గలదు. రెంటికి నడుమ సుమారు ఎనుబది కోట్ల సంవత్సరముల యెడ మున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారు. ఘాటురోడ్డు ప్రక్క బండకోతలో ఆ సంధి కంటికి కానవచ్చును. దానిని జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించిరి. పైబండ మిక్కిలి గట్టిది, కాని నిలువుబీటలు గలది. ఆ బీటలలో చెట్లవేళ్ళు దూరి వెడల్పు చేయును. కార్తీక మార్గశిరములలో బంగాళాఖాతమునుండి వాయుగుండము వచ్చి వానలు ఎడతెగక కురియునపుడు నీరు బీటలలో నిండి, బండను వెనుకనుండి త్రోయును. క్రింది మెత్తనిపొర కోసుకొనిపోయినచో పైబండకు ఆధారము తప్పును. అంతట ఇంటియంత రాయి కదలుటకు ఒక్క క్షణము చాలును.

2021 నవంబరు 18, 19 తేదుల వానను తిరుపతివారు మఱవలేరు. వీధులు కాలువలైనవి. రెండు నడకదారులును మూయబడెను. శ్రీవారి మెట్టు మార్గము రాళ్ళతో, మంటితో పాడై, మరల 2022 మేలో గాని తెరువబడలేదు. డిసెంబరు 1వ తేదిని తెల్లవారుజామున రెండవ ఘాటురోడ్డుమీద పెనుబండ విరిగిపడి రోడ్డును పలుచోట్ల పగులగొట్టినది. ఐ.ఐ.టి. నిపుణులు వచ్చి కొండచరియలను పరీక్షించిరి. పత్రికలలో నిపుణుల మాటలు, అధికారుల మాటలు చదివితిమి. యంత్రము చేరలేని చోట గడ్డపారలతో రాళ్ళు కదల్చినవారి మాట చదివిన జ్ఞాపకము నాకు లేదు.

దారి తెఱచిన తరువాత మఱియొక యేట, వాన వెలిసిన మఱునాడు, పిల్లలను వెంటబెట్టుకొని ఆ మెట్లదారినే యెక్కితిని. సగము దారిలో నలుగురైదుగురు స్త్రీలు మెట్లమీద పేరుకొన్న బురదను పారలతో గంపల కెత్తుచుండిరి. ఒకామెను, "ఎప్పుడు వచ్చితిరమ్మా?" యని యడిగితిని. "రేత్రంతా వానే సారూ. నాలుగుకే పిలిపించినారు. జనం కాలు పెట్టేలోగా ఎత్తేయాల గదా" యన్నది. పైనుండి రాయి పడునను భయము లేదా యని మా పిల్లవాడొకడు అడిగెను. "పెద్దరాయి కదిలేముందర చిన్న గులకలు రాలతాయి నాయనా. చెయ్యి ఈడున్నా చెవి ఆడే పెట్టుకోనుంటాము." నేను భూగోళమును పదునెనిమిదేండ్లుగా చెప్పుచున్నాను, ఈ సంగతి నాకు ఏ పుస్తకమును చెప్పలేదు.

వేసవిపని వేఱు. రోడ్ల ప్రక్కలను అడవి యంచులను గడ్డి కోసి, ఆకు లూడ్చి, నిప్పు దాటకుండ పట్టీలు తీయవలెను. 2014 మార్చిలో శేషాచలపు అడవి అంటుకొని మంటలు తిరుమల దాపునకు వచ్చినపుడు వాయుసేనవారి హెలికాప్టర్లు నీరు చల్లవలసివచ్చినది. ఆకాశమునుండి నీరు చల్లుట అందఱు చూచిరి. నేలమీద చెట్టుకొమ్మలు పట్టి మంట నార్చినవారు పొగలో నుండిరి, కావున కానరాలేదు.

మంచుదేశములలోను ఇంతే. హిమాచలములో రోహతాంగు కనుమను ప్రతివసంతమున మంచు త్రవ్వి తెరపించుచు వచ్చినవారు 1960లో ఏర్పడిన సరిహద్దు రోడ్ల సంస్థవారు. వారి క్రింద పనిచేయు కూలీలలో పెక్కురు ఎక్కడివా రనుకొందురు? మంచు ఎఱుగని ఝార్ఖండు దేశపు దుమ్‌కా ప్రాంతమువారు. వారు ఎత్తునది మంచు, మనవారు ఎత్తునది మన్ను. పార యొక్కటే.

పాఠశాలకు తిరిగివచ్చిన తరువాత ఆ వెనుకబల్ల పిల్లవానిని పిలిచి, నీ ప్రశ్నకు సమాధానము వ్రాయుమంటిని. వాడు రెండు పుటలు వ్రాసెను. రాజులపేర్లు సరిగా వ్రాసి, చివర, "మెట్ల మీద పనిచేసే వాళ్ళ పేర్లు అడగడం మరిచిపోయినాము" అని చేర్చెను. అది నా తప్పు. అడుగుమని నేనే చెప్పవలసినది.

నేడు కొండమీద ఊడ్చుట, కడుగుట మొదలగు పనులలో పెక్కు గుత్తల మూలమున జరుగుచున్నవి. గుత్తదారు మారినప్పుడు హాజరుపట్టీ మారును, వెనుకటి పట్టీ ఎక్కడనో పోవును. అయిదువందల యేండ్లనాటి తోటమాలికి ప్రసాదభాగ మెంతయో రాతిగోడ చెప్పుచున్నది. 2021 డిసెంబరులో ఘాటురోడ్డుమీద రాళ్ళెత్తినవా రెవరో చెప్పు గోడ యేదియు లేదు. ఆ పని చేసినవారిలో అనేకులు తిరుపతి, చంద్రగిరి చుట్టుపట్ల పల్లెలవారే. ఇంకను మన నడుమ నున్నారు. ఈ సెలవులలో మా పిల్లలు నలుగురు నాలుగు పల్లెలకు పోయి, వారిని కలిసి, పేరు, ఊరు, చేసిన పని నోటుపుస్తకములలో వ్రాసికొని రావలెనని నిశ్చయించుకొన్నారు. మొదటి పుస్తకము మంగాపురమునుండి వచ్చినది. అందు పదునొకండు పేర్లు గలవు, వానిలో ఏడు స్త్రీలవి.