గంట మ్రోగగానే చెవులు మూసికొను బాలుడు

బిచ్కుంద వంటి ఊరి పాఠశాలలో గంట మ్రోగగానే చెవులు మూసికొని ఏడ్చు బాలుడు ఒకడుండవచ్చును. వానిది మొండితనమనుట సులభము. 1943లో ఆటిజమును వర్ణించిన వైద్యుడు లియో కానర్, పెద్ద శబ్దములకు భీతిల్లు పిల్లలను గూర్చి వ్రాసెను. అట్టి బాధకు మూలమును వెదకినది అమెరికాకు చెందిన జీన్ ఏర్స్ (1920-1988).

ఆమె వృత్తిచికిత్సా నిపుణురాలు. ఇచట వృత్తి యనగా జీవనోపాధి కాదు. బొత్తాములు పెట్టుకొనుట, అన్నము తినుట, వ్రాయుట, ఆడుట - ఇవియే పిల్లవాని వృత్తులు. పంచేంద్రియములే గాక, లోచెవి తల కదలికను, కండరములు, కీళ్లు అవయవముల స్థితిని మెదడునకు తెలుపుచుండును. ఈ వార్తలు మెదడులో సరిగా పొందిక కానిచో చొక్కా అంచు తగులుటయు బాధయే యగునని ఆమె ఊహ. 1972లో దీనిపై గ్రంథము ప్రకటించెను. ఉయ్యెల యూగుట, చక్రముల పలకపై బోర్లాపడి జారుట - ఇట్టి ఆటలే ఆమె చికిత్స. బలవంతము పనికిరాదు, పిల్లవాడే ముందుకు రావలెను.

మన దేశమున వృత్తిచికిత్స అంతకు పూర్వమే వచ్చినది. అమెరికాలో పుట్టి ఈ దేశపు కోడలైన కమలా నింబ్కర్, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దానిని నేర్పు పాఠశాలను నెలకొల్పెను. మన ప్రాంతమున మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో సికిందరాబాదున వెలసెను. దాని పేరు తరువాత మారినది.

ఏర్స్ పద్ధతికి ఋజువులు పరిమితములని అమెరికా బాలవైద్యుల అకాడమీ 2012లో చెప్పెను. ఆ మరుసటి యేడే అమెరికా మనోవైద్యుల సంఘము ఆటిజం లక్షణములలో ఇంద్రియముల అతిస్పందనను చేర్చెను. వాదము తీరలేదు. గంట కొట్టబోవుచున్నారని ఆ బాలునికి ముందుగా చెప్పుటకు, వానిని గంటకు దూరముగా కూర్చుండబెట్టుటకు అది తీరువరకు ఆగనక్కరలేదు.